వాన లెక్కకు చిరునామా: వాతావరణ డేటాను ఆర్కైవ్ నుంచి తెచ్చుకొని సరిగా ఉటంకించే విధానం

2023 జూలై 26 ఉదయం 8:30 నుంచి 27 ఉదయం 8:30 వరకు, ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 27 తెల్లవారేసరికి మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తింది. ఆ వాన మీద ప్రాజెక్టు రాయదలచిన విద్యార్థి మూడు చోట్ల వెతికితే మూడు వేర్వేరు అంకెలు కనిపిస్తాయి. రాష్ట్ర ప్రభుత్వపు ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం చెప్పేది ఒకటి, భారత వాతావరణ శాఖ తయారుచేసే గళ్ల డేటాలో ఉండేది ఇంకొకటి, యూరప్ నుంచి వెలువడే ఎరా5 డేటాలో ఉండేది మరొకటి. వీటిలో ఏదీ అబద్ధం కాదు. మొదటిది ఒక ఊళ్లోని ఒక పరికరంలో పడ్డ వాన, రెండోది చుట్టుపక్కల కేంద్రాల కొలతల నుంచి ఒక గడికి లెక్కగట్టిన వాన, మూడోది వాతావరణ నమూనా ఒకటి పరిశీలనలను కలుపుకొని అంచనా వేసిన వాన.

హనుమకొండలో విద్యార్థుల ప్రాజెక్టులూ సిద్ధాంత గ్రంథాలూ సమర్పణకు ముందు చదివిపెట్టే పని నాకు తరచుగా పడుతుంది. అందులో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే లోపం, పట్టిక కింద "ఆధారం: ఐఎండీ" (భారత వాతావరణ శాఖకు ఇంగ్లిష్ పొట్టిపేరు) అని రెండే మాటలు రాసి వదిలేయడం. ఆ రెండు మాటలతో ఎవరూ ఆ అంకెను తిరిగి కనుక్కోలేరు. ఏ డేటాసెట్, ఏ గడి, ఏ సంచిక (వెర్షన్), ఎప్పుడు తెచ్చుకున్నది అన్నవి లేకపోతే అది ఆధారం కాదు. ఈ వివరాలను చివర్లో గుర్తుచేసుకుని రాయడం దాదాపు అసాధ్యం కనుక, డేటా వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచే ఉటంకింపును ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను.

ముందుగా ప్రశ్నను కాగితం మీద పెట్టండి

ఏ వెబ్‌సైటూ తెరవకముందే మూడు విషయాలు రాసుకోవాలి: ఏ స్థలం, ఏ కాలం, ఏ అంశం. చూడడానికి ఇది తేలికగా ఉంటుంది కానీ, మన ప్రాంతంలో స్థలం దగ్గరే చిక్కు మొదలవుతుంది. "వరంగల్ జిల్లా వర్షపాతం" అని రాస్తే అది ఏ వరంగల్ అన్న ప్రశ్న వస్తుంది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలుగా విడిపోయింది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. అందువల్ల 1990 నాటి వరంగల్ జిల్లా సగటునూ 2022 నాటి వరంగల్ జిల్లా సగటునూ ఒకే గీత మీద చూపిస్తే, తూర్పున గోదావరి ఒడ్డు అడవుల దాకా విస్తరించిన పెద్ద భూభాగాన్ని చిన్న ముక్కతో పోల్చినట్టే. ఆ గీతలో కనిపించే పెరుగుదల గానీ తగ్గుదల గానీ వాతావరణానిదో, సరిహద్దులదో చెప్పలేం. దీనికి మందు ఒకటే: జిల్లా పేరు మీద కాకుండా అక్షాంశ రేఖాంశాల మీద గానీ, ఒక నిర్దిష్ట సంవత్సరపు సరిహద్దు పటం మీద గానీ ఆధారపడి, ఆ పటం ఏ సంవత్సరానిదో స్పష్టంగా రాయాలి.

కాలం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. మన రైతులు వానను కార్తెలతో లెక్కపెడతారు. మృగశిరలో ఎంత పడింది, ఆరుద్రలో ఎంత పడింది అని అడుగుతారు. అది ఎంతో విలువైన ప్రశ్న, దాని మీద పరిశోధన చేయవచ్చు కూడా. అయితే డేటా ఆర్కైవ్‌కు కార్తె అంటే తెలియదు కనుక, సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులను మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తీసుకున్నారో ప్రతి ఏటికీ చెప్పాలి. వానకాలం అన్నప్పుడు కూడా జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అని విడమరచి రాయడం మంచిది. వాతావరణ శాఖ నైరుతి రుతుపవన కాలానికి వాడే హద్దులు అవే.

ఏ ఆర్కైవ్‌కు వెళ్లాలి

వర్షం, ఉష్ణోగ్రతల మీద పనిచేసేవారు మొదట వెళ్లవలసింది 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ దగ్గరికే. దాని జాతీయ డేటా కేంద్రం పుణేలో ఉంది. అక్కడి నుంచి రెండు రకాల డేటా వస్తుంది. ఒకటి, హనుమకొండ, రామగుండం, నిజామాబాద్ వంటి పరిశీలన కేంద్రాల కొలతలు. వీటికి డేటా సరఫరా పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. రెండోది, ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగే గళ్ల డేటా. రోజువారీ వర్షపాతం 0.25 డిగ్రీల గళ్లలో 1901 నుంచి ఉంది. రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు 1 డిగ్రీ గళ్లలో 1951 నుంచి ఉన్నాయి. మన అక్షాంశంలో 0.25 డిగ్రీల గడి సుమారు 730 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. లక్ష్మీదేవిపేటలో పడిన వాన అంత వైశాల్యం మీద అదే మోతాదులో పడదు కనుక, గడి విలువ 649.8 కంటే తక్కువగా ఉండడం సహజమే. దాన్ని చూసి వాతావరణ శాఖ లెక్క తప్పిందని రాయకూడదు.

ఈ వర్షపాత డేటాను తయారుచేసిన పద్ధతిని పాయ్ అనే శాస్త్రవేత్త బృందం 2014లో వాతావరణ శాఖ పత్రిక "మౌసమ్"లో వివరించింది. దేశవ్యాప్తంగా 6955 వర్షమాపక కేంద్రాల రికార్డులను వాడారు. అయితే ఆ కేంద్రాలన్నీ అన్ని సంవత్సరాలూ పనిచేయలేదు. ఏ ఏడాది ఎన్ని కేంద్రాలున్నాయన్నది మారుతూ ఉంటుంది కాబట్టి, నూరేళ్ల ధోరణి గురించి ఒక్క గడిని చూసి గట్టిగా తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

రెండో చోటు తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ. మండలాల్లో పరచుకున్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల కొలతలు దాని నివేదికల్లో వస్తాయి. ఒకే వానలో ఒక ఊరికీ పక్క ఊరికీ ఉన్న తేడాను చూడాలంటే దీనికి సాటి లేదు. కానీ ఈ కేంద్రాల చరిత్ర చిన్నది కనుక, ముప్పై ఏళ్ల సగటుల కోసం దీని దగ్గరికి వెళ్లవద్దు. ఇంకో చిన్న విషయం: ఈ సంస్థ పాత నివేదికల్లో పొట్టిపేరు టీఎస్‌డీపీఎస్‌గా ఉంటుంది, రాష్ట్ర సంక్షిప్త నామం 2024లో మారాక టీజీడీపీఎస్ అయింది. నివేదిక మీద ఏ పేరు ఉంటే ఉటంకింపులో ఆ పేరే రాయాలి.

గాలి వేగం, తేమ, గంటగంటకు మారే అంశాలు కావలసినవారికి యూరప్ వాతావరణ డేటా ఆర్కైవ్ అయిన కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్‌లోని ఎరా5 ఉపయోగపడుతుంది. ఇది 1940 నుంచి గంటగంటకు, 0.25 డిగ్రీల గళ్లలో దొరుకుతుంది; నేల మీది అంశాలకు మాత్రమే పరిమితమైన ఎరా5-ల్యాండ్ 0.1 డిగ్రీల గళ్లలో 1950 నుంచి ఉంది. ఇది నేరుగా కొలిచినది కాదు, పరిశీలనలను నమూనాలో కలిపి గతాన్ని తిరిగి నిర్మించినది. అందుకే దీన్ని పునర్విశ్లేషణ అంటారు. ఉపగ్రహ ఆధారిత వర్షపాతానికి నాసా వారి ఐమెర్గ్, 1981 నుంచి 0.05 డిగ్రీల గళ్లలో ఉన్న చర్ప్స్ ఉన్నాయి. భవిష్యత్ అంచనాలు కావాలంటే వివిధ దేశాల వాతావరణ నమూనాలను పోల్చి చూసే సీమిప్6 ప్రాజెక్టు ఫలితాలు ఈఎస్‌జీఎఫ్ అనే అంతర్జాతీయ ఆర్కైవ్‌ల గొలుసులో దొరుకుతాయి. వాటి ఉటంకింపు వివరాలను హాంబుర్గ్‌లోని ప్రపంచ వాతావరణ డేటా కేంద్రం నిర్వహిస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, ఉత్తర తెలంగాణ వానల మీద మొదటిసారి పనిచేస్తున్నవారు వాతావరణ శాఖ గళ్ల డేటాతో మొదలుపెట్టి, దాన్ని కనీసం ఒక కేంద్రపు కొలతలతో సరిచూసుకొని, ఆ తర్వాతే మిగిలిన వాటి జోలికి వెళ్లాలి. ఎరా5 దింపుకోవడం తేలిక కాబట్టి చాలామంది నేరుగా అక్కడికే వెళ్తున్నారు. కుండపోత వానల విషయంలో అది సరైన ప్రారంభం కాదు.

నమోదు, షరతులు

ఎరా5 కోసం ఖాతా తెరవాలి, ఐమెర్గ్ కోసం నాసా ఎర్త్‌డేటా ఖాతా కావాలి. ఖాతా తెరవడం ఉచితమే. కోపర్నికస్‌లో ఒక్కో డేటాసెట్ షరతులను దాని పేజీలో ఒకసారి ఆమోదించాలి, లేకపోతే ప్రోగ్రాం ద్వారా పంపిన అభ్యర్థన వెనక్కి వచ్చేస్తుంది. ఆ షరతులను చదవకుండా టిక్ పెట్టేయకండి. ఉటంకింపులో ఏ వాక్యం తప్పనిసరో అక్కడే ఉంటుంది.

పుణే నుంచి కేంద్రాల డేటా కోరేటప్పుడు కేంద్రం పేరు, అంశం, కాలవ్యవధి కచ్చితంగా చెప్పాలి. మన ఊరి పేరు హన్మకొండ, హనుమకొండ, హనంకొండ అని రకరకాలుగా రాస్తారు కనుక పేరు ఒక్కటే నమ్ముకోకుండా ప్రపంచ వాతావరణ సంస్థ ఇచ్చిన అయిదంకెల కేంద్ర సంఖ్యను కూడా చూసుకోవాలి. భారతదేశపు కేంద్రాల సంఖ్యలు 42తో గానీ 43తో గానీ మొదలవుతాయి. ఇలా తెచ్చుకున్న కొలతలను ఇతరులకు ఇవ్వకూడదన్న హామీ మీద సంతకం చేసి ఉంటే, ఆ హామీని చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి. దాని అవసరం చివర్లో వస్తుంది.

డౌన్‌లోడ్ చేసిన రోజే రాసుకోవలసినవి

కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయం నుంచి నాకు పదేళ్ల మండల వర్షపాతం ఒక పెన్‌డ్రైవ్‌లో అందింది. ఫైలు పేరు "కొత్తది ఫైనల్". అది ఏ కేంద్రాలదో, ఖాళీ గడుల అర్థం వాన పడలేదనో, కొలవలేదనో ఎక్కడా లేదు. ఫైలు ఇచ్చిన ఉద్యోగి బదిలీ అయ్యాక అడగడానికి ఎవరూ మిగలలేదు. నెల రోజులు ఆ పట్టికతో కుస్తీ పట్టి, చివరికి దాన్ని పక్కన పెట్టేశాను. అందులోని అంకెలు సరైనవే అయి ఉండవచ్చు, కానీ వాటిని నిలబెట్టే కాగితం లేదు. అప్పటి నుంచి ఒక పద్ధతి పాటిస్తున్నాను, మీకూ అదే చెబుతాను.

ముందు కావలసినంతే అడగండి. ఉత్తర తెలంగాణకు ఉత్తరాన 20, పడమర 77.25, దక్షిణాన 17.25, తూర్పున 81.25 డిగ్రీల హద్దులు సరిపోతాయి. కోపర్నికస్‌కు ప్రోగ్రాం ద్వారా పంపే అభ్యర్థనలో ఈ నాలుగూ ఇదే వరుసలో ఉండాలి, వరుస మారితే వేరే భూభాగం వస్తుంది. 0.25 డిగ్రీల గళ్లలో ఈ హద్దుల మధ్య 12 అడ్డ వరుసలు, 17 నిలువు వరుసలు, మొత్తం 204 బిందువులు ఉండాలి. ఫైలు రాగానే ఆ సంఖ్య సరిచూడండి.

తర్వాత ఫైలు పక్కనే ఒక సాధారణ టెక్స్ట్ ఫైలు పెట్టి అందులో ఇలా రాయండి: డేటాసెట్ పూర్తి పేరు, ప్రచురించిన సంస్థ, సంచిక సంఖ్య, డీఓఐ (డేటాసెట్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), దింపుకున్న పేజీ చిరునామా, దింపుకున్న తేదీ, అడిగిన అంశం, హద్దులు, కాలవ్యవధి, ఫైలు పరిమాణం బైట్లలో. ప్రోగ్రాం ద్వారా తెచ్చుకుని ఉంటే పంపిన అభ్యర్థనను మొత్తంగా అతికించండి. చెక్‌సమ్ (ఫైలు లోపలి బైట్ల నుంచి లెక్కగట్టే అక్షరాల వరుస) తీయడం తెలిస్తే దాన్నీ చేర్చండి. రేపు ఎవరైనా ఇదే ఫైలా అని అడిగితే ఆ అక్షరాల వరుస ఒక్కటే నిస్సందేహంగా జవాబిస్తుంది. దింపుకున్న అసలు ఫైలును ఎన్నడూ మార్చకూడదు. లెక్కలన్నీ దాని నకలు మీదనే చేయాలి.

ఫైలు తెరిచాక

వాతావరణ శాఖ వర్షపాత డేటా ఏడాదికి ఒక ఫైలుగా, బైనరీ రూపంలోనూ, అంకెలతో పాటు వాటి వివరాలనూ తనలోనే ఉంచుకునే నెట్‌సీడీఎఫ్ రూపంలోనూ వస్తుంది. బైనరీ ఫైలులో 6.5 నుంచి 38.5 డిగ్రీల అక్షాంశం వరకు 129 వరుసలు, 66.5 నుంచి 100 డిగ్రీల రేఖాంశం వరకు 135 నిలువు వరుసలు, ఒక్కో విలువకు 4 బైట్లు ఉంటాయి. అంటే ఒక రోజుకు 69,660 బైట్లు, మామూలు సంవత్సరానికి 25,425,900 బైట్లు, లీపు సంవత్సరానికి 25,495,560 బైట్లు. మీ ఫైలు పరిమాణం దీనికి సరిపోకపోతే డౌన్‌లోడ్ మధ్యలో ఆగిందన్నమాట. కోడ్ రాయకుండానే చేయగలిగిన ఈ పరీక్షను చాలామంది చేయరు.

హనుమకొండకు దగ్గరి బిందువు 18.0 ఉత్తర అక్షాంశం, 79.5 తూర్పు రేఖాంశం. 6.5 నుంచి 0.25 చొప్పున లెక్కిస్తే అది 47వ అడ్డ వరుస; 66.5 నుంచి లెక్కిస్తే 53వ నిలువు వరుస. పైథాన్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక అక్కడ 46, 52 అని ఇవ్వాలి. ఒక్క అంకె తేడా వస్తే మీరు పాతిక కిలోమీటర్ల అవతలి వానను హనుమకొండ పేరుతో రాస్తారు. ఐఎండీలిబ్ అనే పైథాన్ గ్రంథాలయం ఈ పని సులువు చేస్తుంది, అయినా ఒక్కసారైనా చేత్తో లెక్కవేసి సరిచూసుకోండి.

వర్షపాతంలో -999 అన్నది విలువ లేదన్న గుర్తు, ఉష్ణోగ్రత ఫైళ్లలో ఆ గుర్తు 99.9. వీటిని తీసేయకుండా సగటు కడితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఎరా5 వర్షపాతం మీటర్లలో ఉంటుంది, మిల్లీమీటర్లు కావాలంటే వెయ్యితో గుణించాలి. ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటుంది, 273.15 తీసివేయాలి. సీమిప్6లో వర్షపాతం చదరపు మీటరుకు సెకనుకు ఇన్ని కిలోగ్రాములు అని ఉంటుంది, దాన్ని 86,400తో గుణిస్తే రోజుకు ఇన్ని మిల్లీమీటర్లు అవుతుంది. ఆ నమూనాల్లో కొన్నింటికి ఫిబ్రవరి 29 ఉండదు, కొన్నింటికి ఏడాదికి 360 రోజులే. తేదీలను వాతావరణ శాఖ డేటాతో జతపరిచే ముందు ఫైలు లోపలి కాలెండర్ ఏమిటో చూడాలి.

రోజు ఎక్కడ మొదలవుతుంది

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉన్నవారు ఇది చదవాలని కోరుకుంటాను. మన దగ్గర వర్షమాపకంలోని నీటిని ఉదయం 8:30కు కొలపాత్రలో పోసి చదువుతారు. అలా చదివిన అంకె ఆ ఉదయపు తేదీ కింద నమోదవుతుంది. కాబట్టి వాతావరణ శాఖ డేటాలో జూలై 27 అంటే 26 ఉదయం 8:30 నుంచి 27 ఉదయం 8:30 వరకు పడిన వాన. 26 సాయంత్రం మీరు తడిసిన వాన 27వ తేదీ గడిలో ఉంటుంది. ఉపగ్రహ డేటాలో రోజు సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి మొదలవుతుంది, అంటే మన 5:30 తెల్లవారుజామున.

తేడా ఎంత ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. రాత్రి పదికి మొదలై ఉదయం ఏడింటి దాకా 240 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. అందులో అర్ధరాత్రికి ముందు 60, ఆ తర్వాత 180. వాతావరణ శాఖ లెక్కలో ఇదంతా ఒకే రోజు వాన, 204.4 దాటింది కనుక అత్యంత భారీ వర్షం. గోడ మీది కాలెండర్ ప్రకారం విడగొడితే 60 ఒక రోజుకు, 180 మరో రోజుకు పోతాయి, అప్పుడది 115.6 నుంచి 204.4 మధ్య ఉండే అతి భారీ వర్షంగా మాత్రమే మిగులుతుంది. అదే వాన, అదే చెరువు తెగింది, కానీ మీ పట్టికలో విపత్తు ఒక మెట్టు కిందికి దిగింది.

ఎరా5ను వాతావరణ శాఖ రోజుతో సరిపోల్చాలంటే గంటల విలువలను మీరే కూడాలి. భారత కాలమానం 8:30 అంటే 03 యూటీసీ. ఎరా5లో ఒక గంట పేరున ఉన్న విలువ ఆ గంటకు ముగిసే అరవై నిమిషాల వాన. అందువల్ల జూలై 27 వాన కోసం 26వ తేదీ 04 యూటీసీ నుంచి 27వ తేదీ 03 యూటీసీ వరకు, రెండు చివరలూ కలుపుకొని, 24 విలువలను కూడాలి. ఎరా5-ల్యాండ్‌లో మాత్రం పద్ధతి వేరు. అక్కడ వర్షపాతం 00 యూటీసీ నుంచి పోగవుతూ వస్తుంది, 00 గంటల విలువలో ముందు రోజు మొత్తం ఉంటుంది. కాబట్టి 27వ తేదీ 00 విలువ నుంచి 26వ తేదీ 03 విలువను తీసివేసి, దానికి 27వ తేదీ 03 విలువను కలపాలి. ఇది తెలియక 24 గంటల విలువలనూ కూడేసినవారికి ములుగులో మీటర్ల కొద్దీ వాన కనబడుతుంది. రోజును మీరు ఎలా నిర్వచించారో పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యంలో తప్పకుండా రాయండి.

ఈ లెక్కంతా సరిగా చేశారో లేదో తెలుసుకోవడానికి అందరికీ తెలిసిన ఒక రోజును తీసి చూడటం మంచి పరీక్ష. 2023 జూలై 27న మీ పటంలో ములుగు, భూపాలపల్లి వైపు పెద్ద వాన కనిపించాలి. అది 26న గానీ 28న గానీ కనిపిస్తే తేదీల్లో ఎక్కడో జారింది.

ఉటంకింపు రాయడం

డేటాను కూడా పుస్తకంలాగా, వ్యాసంలాగా ఆధారాల జాబితాలో చేర్చాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా అంగీకరించిన పద్ధతి. డేటాసెట్లకు శాశ్వత గుర్తింపు సంఖ్యలు ఇచ్చే డేటాసైట్ సంస్థ 2009లో ఏర్పడింది. డేటా ఉటంకింపుకు ఉమ్మడి సూత్రాల ప్రకటన 2014లో వచ్చింది. వాటి ప్రకారం ఉటంకింపులో ఉండవలసినవి: తయారుచేసినవారి పేర్లు, సంవత్సరం, డేటాసెట్ పేరు, సంచిక, ప్రచురించిన ఆర్కైవ్, డీఓఐ. వాతావరణ డేటాకు నేను మరొకటి తప్పనిసరి అంటాను, అది మీరు దింపుకున్న తేదీ. ఈ డేటాసెట్లు రోజురోజుకూ పెరుగుతాయి, కొన్నిసార్లు పాత విలువలు కూడా సవరణకు గురవుతాయి.

ఎరా5కు రెండు ఉటంకింపులు కావాలి. మొదటిది డేటాకు: హెర్స్‌బాక్ తదితరులు రూపొందించిన గంటవారీ ఎరా5 డేటా, కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్, డీఓఐ, చూసిన తేదీ. ఆ డీఓఐ 10.24381తో మొదలవుతుంది, పూర్తి సంఖ్యను డేటాసెట్ పేజీ నుంచి నకలు చేసుకోండి, చేత్తో టైపు చేయవద్దు. రెండోది, ఆ డేటాను వివరిస్తూ హెర్స్‌బాక్ బృందం 2020లో రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ త్రైమాసిక పత్రికలో ప్రచురించిన వ్యాసానికి. వ్యాసాన్ని మాత్రమే ఉటంకిస్తే పద్ధతి తెలుస్తుంది తప్ప మీరు వాడిన ఫైలు తెలియదు. వీటికి తోడు, కృతజ్ఞతల భాగంలో ఆ సంవత్సరపు కోపర్నికస్ సమాచారాన్ని మార్చి వాడుకున్నామని, ఆ వినియోగానికి యూరోపియన్ కమిషన్ గానీ యూరోపియన్ వాతావరణ కేంద్రం గానీ బాధ్యత వహించవని చెప్పే వాక్యం ఉండాలి. ఇటీవలి నెలలకు దొరికేది ఎరా5టి అనే తాత్కాలిక రూపం. రెండు మూడు నెలల తర్వాత తుది రూపం వస్తుంది. మీ అధ్యయనం ఇటీవలి వానకాలం దాకా సాగితే, ఏ నెల వరకు తుది డేటా, ఏ నెల నుంచి తాత్కాలికం అన్నది రాయాలి. ఐమెర్గ్‌లోనూ ఎర్లీ, లేట్, ఫైనల్ అని మూడు రూపాలున్నాయి, ఏది వాడారో చెప్పకపోతే ఆ ఉటంకింపు అసంపూర్ణం.

వాతావరణ శాఖ గళ్ల వర్షపాతానికి పాయ్ తదితరుల 2014 మౌసమ్ వ్యాసాన్ని, ఉష్ణోగ్రతకు శ్రీవాస్తవ, రాజీవన్, క్షీర్‌సాగర్ల 2009 వ్యాసాన్ని ఉటంకించి, దానికి పుణే కార్యాలయపు పేజీ చిరునామా, దింపుకున్న తేదీ, మీరు వాడిన సంవత్సరాలు జతచేయాలి. పాయ్ వ్యాసం 2010 వరకే వివరిస్తుంది, ఆ తర్వాతి సంవత్సరాలు అదే డేటాసెట్‌కు కొనసాగింపు. కనుక వ్యాసం సంవత్సరం చూసి పాఠకుడు తికమకపడకుండా కాలవ్యవధిని విడిగా చెప్పడం అవసరం.

సీమిప్6 విషయంలో "సీమిప్6 నమూనాలు" అని గంపగుత్తగా రాయడం చెల్లదు. ప్రతి నమూనాకు, ప్రతి ప్రయోగానికి విడివిడి ఉటంకింపు ఉంటుంది. నమూనా పేరు, దాన్ని నడిపిన సంస్థ, ఎస్‌ఎస్‌పీ2-4.5 వంటి భవిష్యత్ ఉద్గారాల దృశ్యం, ఏ పరుగు (అదే నమూనాను ఎన్నోసారి నడిపినది), ఎనిమిది అంకెల తేదీ రూపంలో ఉండే సంచిక సంఖ్య ఇవన్నీ ఉండాలి. పది నమూనాలు వాడితే పది నమోదులు వస్తాయి. స్థలం పడుతుందని వాటిని కుదించకండి, అనుబంధంలో పట్టికగా పెట్టుకోవచ్చు.

రాష్ట్ర నివేదికలకు సంస్థ పేరు, నివేదిక శీర్షిక, నివేదిక తేదీ, కేంద్రం ఉన్న ఊరు, మండలం, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నవి రాయాలి. మొదట చెప్పిన అంకెను వచనంలో ఇలా రాస్తే సరిపోతుంది: "ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేట ఆటోమేటిక్ కేంద్రంలో 2023 జూలై 26 ఉదయం 8:30 నుంచి 27 ఉదయం 8:30 వరకు 649.8 మిల్లీమీటర్లు నమోదైంది", దాని వెంట నివేదిక సూచిక. పత్రికలో చదివిన అంకెను పత్రిక పేరుతోనే ఉటంకించాలి. అసలు నివేదికను చూడకుండా దాని పేరు రాయడం నిజాయితీ కాదు. ఎవరో మూడో వెబ్‌సైట్‌లో ఎక్కించిన నకలు నుంచి డేటా తీసుకున్నప్పుడూ ఇంతే, వీలైతే అసలు ఆర్కైవ్‌కు వెళ్లి మళ్లీ దింపుకోవడం మేలు.

తెలుగులో సిద్ధాంత గ్రంథం రాసేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. వచనంలో డేటాసెట్ పేరును తెలుగు లిపిలో రాయవచ్చు, రాయాలి కూడా. ఆధారాల జాబితాలో మాత్రం రచయితల పేర్లను, శీర్షికను, డీఓఐని అసలు లిపిలోనే ఉంచాలి, ఎందుకంటే వాటిని వెతికే యంత్రానికి ఆ అక్షరాలే కావాలి.

మీ లెక్కలను భద్రపరచడం

అసలు డేటా నుంచి మీరు తయారుచేసిన మండల సగటులు, పటాలు, వాటిని తయారుచేసిన కోడ్ కూడా ఇతరులకు పనికొస్తాయి. జెనోడో వంటి ఉచిత ఆర్కైవ్‌లో పెడితే వాటికీ డీఓఐ వస్తుంది, దాన్ని మీ గ్రంథంలోనే ఉటంకించుకోవచ్చు. అయితే ఇతరులకు ఇవ్వబోమని హామీ ఇచ్చి తెచ్చుకున్న కేంద్రాల కొలతలను అక్కడ పెట్టకూడదు. అలాంటప్పుడు కోడ్‌ను, కేంద్రాల పేర్లను, కాలవ్యవధిని మాత్రమే పెట్టి, కొలతల కోసం పుణే డేటా కేంద్రానికి దరఖాస్తు చేసుకోవాలని డేటా లభ్యత వివరణలో రాయాలి. మొదటి రోజు ఫైలు పక్కన పెట్టుకున్న ఆ టెక్స్ట్ ఫైలును కూడా కోడ్‌తో పాటే ఎక్కించండి.